మావయ్య డిప్పలు

మా మావయ్య ఇంట్లో ఉన్నాడంటే నెత్తిన హెడ్‌ఫోన్లు ఉన్నట్టే. స్నానానికి వెళ్ళేటప్పుడు తీస్తాడు, పడుకునేటప్పుడు తీస్తాడు. ఆ రెండుసార్లు కూడా ఎవరో లాక్కుంటున్నట్టు ముఖం పెడతాడు. అవి ఈ కాలపు నాజూకు వస్తువులు కావు. ఒక్కొక్కటి అరచేయంత ఉండి, చెవితోబాటు సగం చెంపను కూడా మూసేస్తుంది. అత్తయ్య వాటిని డిప్పలంటుంది. "మీ మావయ్యా? అదిగో, డిప్పలు పెట్టుకుని కూర్చున్నారు" అని వచ్చినవాళ్ళని హాల్లోకి పంపిస్తుంది.

హాల్లో ఆయనతో సంభాషణ ఎప్పుడూ ఒకే తీరు.

"బాగున్నావా మావయ్యా?"

ఆయన ఒక డిప్ప ఎత్తి, "ఆఁ?" అంటాడు.

"బాగున్నావా అని."

"ఆఁ, ఆఁ" అని డిప్ప దించేస్తాడు. పరామర్శ అయిపోయినట్టే.

నిజానికి ఆయన మాటలు రాని మనిషేం కాదు. ఆయనది కళ్ళజోళ్ళ షాపు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా వచ్చినవాళ్ళ ముక్కుల మీద అద్దాలు మార్చి మార్చి, "ఇది బాగుందా? అది బాగుందా?" అని ఎంతో ఓపిగ్గా అడుగుతాడు. ఆ ప్రశ్నే ఇంట్లో నేను స్పీకర్ల గురించి అడిగితే మాత్రం కస్సుమంటాడు. నేను స్పీకర్లు అమ్మే షాపులో పనిచేస్తాను మరి. సొంత మేనమామ ఇంట్లో ఒక్క స్పీకరు లేకపోవడం నాకెంత తలవంపు!

"పాటంటే గదంతా నిండాలి మావయ్యా. డ్రమ్ము ఆ మూల నుంచి, వయొలిన్ ఈ మూల నుంచి రావాలి."

డిప్ప లేచింది. "ఆ మూల బీరువా ఉంది, ఈ మూల మీ అత్తయ్య కుట్టుమిషనుంది. ఎక్కణ్ణించి వస్తాయిరా అల్లుడూ?"

"ఇంట్లో అందరూ వినొచ్చు కదా!"

"అందుకే వద్దంటున్నా." డిప్ప దిగింది.

ఆయన వినికిడి సంగతి మాత్రం మాకెవరికీ అంతుపట్టేది కాదు. ఎదురుగా నిలబడి అరిచినా పలకని మనిషి, పెరట్లో కుళాయి కారుతుంటే లేచి వెళ్ళి కట్టేసి వచ్చేవాడు. ఎలా వినపడిందని అడిగితే, "ఆఁ?" అనేవాడు.

మొన్న ఆయన పుట్టినరోజుకి కూతురు మా షాపుకొచ్చింది. "బావా, నాన్నకి మంచి స్పీకర్లు కావాలి. ఆ డిప్పలు పోతేగానీ ఆయన మాతో నాలుగు మాటలు మాట్లాడరు" అంది. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. మావయ్య షాపులో ఉన్న వేళ చూసి, నడుమెత్తు స్పీకర్లు రెండు హాల్లో బిగించాను. డిప్పల్ని ఆ పిల్ల ఎక్కడో దాచేసింది. పాట పెట్టగానే కిటికీ అద్దాలు అదిరాయి. అత్తయ్య వంటింట్లోంచి తొంగిచూసి, "బాగున్నాయి నాయనా" అని లోపలికి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా మావయ్య మా షాపు మెట్లెక్కాడు. నెత్తిన డిప్పలు లేకపోయేసరికి మొదట నేను పోల్చుకోలేదు. మనిషి బాగా దిగాలుపడి ఉన్నాడు.

"ఒరేయ్, వాటిని పట్టుకుపోరా."

"పనిచేయట్లేదా?"

"బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. అదే నా ఖర్మ. ఇంట్లో పాట ఆగిపోయింది."

నేను అయోమయంగా చూశాను. ఆయన గొంతు తగ్గించాడు.

"నా డిప్పల వైరు ఎక్కడికి పోతుందో ఎప్పుడైనా చూశావా?"

"నీ చొక్కా జేబులోకి."

"జేబులో ఏముంది?"

"ఫోను."

"ఫోనూ లేదు, గీనూ లేదు. కళ్ళజోడు తుడిచే గుడ్డ ఉంది."

నేను నోరు వెళ్ళబెట్టాను.

"మీ అత్తయ్య పాడుతుందిరా. పెళ్ళైన కొత్తలో వంటింట్లో పాడుకుంటుంటే, మా అక్క 'ఆ రేడియో గరగరమంటోంది, ఎవరైనా కట్టెయ్యండి' అంది. అందరూ నవ్వారు. ఇక అప్పట్నుంచి పక్కన ఎవరైనా వింటున్నారంటే చాలు, నోరు మెదపదు. ఓసారి నేను ఊరికే డిప్పలు పెట్టుకుని కూర్చున్నా. నాకు వినపడదనుకుని మెల్లిగా అందుకుంది. మళ్ళీ వాటిని తీస్తే ఒట్టు."

మావయ్య అక్క అంటే మా అమ్మ. నేను కౌంటరు మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టాను.

"మరి నీకు ఎవరూ పట్టరని అందరూ అంటుంటే..."

"అననీరా. నాకు వినపడదుగా!"

మర్నాడే వెళ్ళాను. అమ్మిన సరుకు మీద నేనే నిందలు వేయడం అదే మొదటిసారి. "లోపల ఏదో కాలింది అత్తయ్యా, వీటిని ఇంట్లో ఉంచకూడదు" అన్నాను. మావయ్య కూతుర్ని బతిమాలి డిప్పలు తెప్పించుకున్నాడు. అవి నెత్తిన పడగానే ముఖంలోకి కళ తిరిగొచ్చింది.

ఒక స్పీకరు బండిలో పెట్టి, రెండోదానికోసం తిరిగొచ్చేసరికి వంటింట్లోంచి పాట వస్తోంది. నేను వెళ్ళిపోయాననుకుంది కాబోలు అత్తయ్య. గుమ్మం బయటే నిలబడిపోయాను. గొంతు కాస్త జీరగా ఉంది, కానీ ఎంత బాగుందో! మా అమ్మ మీద కోపమొచ్చింది. మావయ్య కళ్ళు మూసుకుని కాలి బొటనవేలు ఆడిస్తున్నాడు.

పల్లవి అయింది, మొదటి చరణం అయింది, పాట ఆగింది. బొటనవేలు గాల్లో ఉండిపోయింది. అత్తయ్య మళ్ళీ పల్లవి అందుకుని మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది. మావయ్య పెదవులు కదుపుతున్నాడు, కుర్చీలో మెలికలు తిరుగుతున్నాడు. వినపడని మనిషి పాట అందించడమెలా?

అంతలో అత్తయ్య చెయ్యి తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది. నేను గోడ చాటుకి జరిగాను. ఆవిడ తిన్నగా కుర్చీ దగ్గరికి వెళ్ళి, ఒక డిప్ప ఎత్తింది.

"రెండో చరణం ఎలా మొదలవుతుందండీ?"

"ఆఁ?" అన్నాడు మావయ్య, అలవాటు కొద్దీ.

ఆవిడ డిప్ప అలాగే పట్టుకుని నిలబడింది. మావయ్య గొంతు సవరించుకుని చరణం చెప్పాడు.

అత్తయ్య తలూపి, డిప్పని ఆయన చెవి మీద జాగ్రత్తగా పెట్టి, అటూ ఇటూ కదిపి సరిచేసి, వంటింట్లోకి వెళ్ళి పాట అందుకుంది.