మాటలక్కర్లేని పని

ముందు వినిపించేది యంత్రం చప్పుడే. జుయ్యిమని అటు పోతుంది, ఒక్క క్షణం ఆగుతుంది, జుయ్యిమని ఇటు వస్తుంది. దేవరకొండ బస్టాండు వెనక సందులోకి తిరగగానే చెవిన పడుతుంది. ఆ చప్పుడు వెంట నడిచి రంగు వాసన నిండిన గదిలో అడుగుపెడితే, యంత్రం నోట్లోంచి ఒక ముఖం మెల్లగా కిందికి దిగుతూ ఉంటుంది. నుదురు వస్తుంది, కనుబొమలు వస్తాయి, కళ్లు వస్తాయి. ఎవరో మడుగులోంచి లేచి వస్తున్నట్టు ఉంటుంది.

ఆ గది మూలన కంప్యూటర్ ముందు, చున్నీ చెవులదాకా లాక్కుని కూర్చున్న అమ్మాయి మమత. ఇక్కడ చేరినప్పుడు డిగ్రీ రెండో ఏడు. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి ఈ ఫ్లెక్సీ దుకాణం.

మమతకు మాట రాదని కాదు. గొంతుదాకా వచ్చిన మాట, వాకిట్లో అన్ని చెప్పులు చూసి వెనక్కి మళ్లిన చుట్టంలా తిరిగిపోయేది. తండ్రి జానయ్య సుతారి పనికి పోయి పరంజా మీంచి జారిపడి నడుము పట్టేసుకున్నాక, ఆ అమ్మాయి ఏదో ఒక పనిలో చేరక తప్పలేదు. మొదట బట్టల దుకాణంలో చేరింది. గడప దగ్గర నిలబడి, పోయేవాళ్లను రా అక్కా, రా చిన్నమ్మా అని పిలవాలి. నాలుగు రోజులు నిలబడింది, ఒక్కరినీ పిలవలేదు. అయిదో రోజు యజమాని భార్య, వాకిట్లో చీర కట్టి నిలబెట్టిన బొమ్మను చూపించి, గిది కూడ నీ లెక్కనే నిలబడ్తది, కాకుంటే టిఫిన్ డబ్బ తెచ్చుకోదు అంది. తర్వాత ఒక చిన్న బడిలో ఒకటో తరగతి ఇచ్చారు. ఆమె గొంతు వినబడక పిల్లలు ఒకరి వెంట ఒకరు నిద్రపోయారు. బత్తాయి తోటలో కాయ తెంపడానికి పోయే తల్లి, నాతోని రా బిడ్డ అని తీసుకుపోతే, అక్కడ ఆడవాళ్ల ముచ్చట్ల మధ్య ఆమె మౌనం కాలికి గుచ్చుకున్న ముల్లయింది. ఏమైంది, ఎవరన్న ఏమన్నరా అని అందరూ అడిగేవాళ్లే.

ఫ్లెక్సీ దుకాణం ప్రేమ్‌సాగర్ ఒక్క ప్రశ్నే అడిగాడు, తెలుగు టైపింగ్ వస్తదా అని. ఆమె తల ఊపింది. ఉద్యోగం అయిపోయింది.

పుట్టినరోజులు, నాయకుల స్వాగతాలు ప్రేమ్‌సాగర్ చూసుకునేవాడు. అవి కొట్టించుకునేవాళ్లు పక్కన కూర్చుని ముఖం తెల్లగా చెయ్యి, మీసం నల్లగా చెయ్యి అంటారు. చనిపోయినవాళ్లు మమత దగ్గరికి వచ్చేవాళ్లు. వాళ్లు ఫోన్లో వస్తారు, ఏమీ అనరు. ఆధార్ కార్డు మీది మసక ముఖాలు, పెళ్లి ఫొటోల్లో మూడో వరసలో నిలబడ్డ ముఖాలు. చుట్టూ ఉన్న మనుషులను చెరిపేసి ఒక్కరినే బయటికి తీసేది. భుజం మీద పరాయి చెయ్యి ఉంటే ఆ వేళ్లను ఒక్కొక్కటే తీసేసేది. కళ్లు మూసుకుని ఉంటే, కొడుకు ఫొటోలోంచి కళ్లు తెచ్చి పెట్టేది. ఆ పనిలో ఆమెకు సాటి లేదని ప్రేమ్‌సాగర్ అందరితో చెప్పేవాడు.

కాని సాయంత్రం ఇంటికి నడుస్తుంటే ప్రతి చౌరస్తాలో వాళ్లే. ఎండకు మొదట ఎరుపు వెలిసిపోతుంది, తర్వాత పసుపు. చివరికి నీలి ముఖాలు మిగులుతాయి. తాను తెరిచిన కళ్లతో తననే చూస్తూ, గాలి వచ్చినప్పుడు ఊపిరి తీసుకున్నట్టు పొంగి, మళ్లీ అణిగేవి. మమత తల దించుకుని నడిచేది. ఒక్కోసారి వాళ్ల ముందు మాత్రం చిన్నగా, వస్త మరి అనేది. బతికున్నవాళ్లతో ఆమాత్రం కూడా అనేది కాదు.

ఒక మాఘమాసంలో డిండి దారిలోని ఊరి నుంచి దినేశ్ అనే అబ్బాయి ఫొటో పంపాడు. తల్లి లక్ష్మీనర్సమ్మ పోయింది, దినాలకు ఫ్లెక్సీ కావాలి. ఫొటో కింద రెండే మాటలు: మా అమ్మ, ఎర్ర చీర.

ఫొటోలో ఎర్ర చీరలు రెండున్నాయి. లక్ష్మీనర్సమ్మ, ఆమె యారాలు అమృతమ్మ, ఒకే ఇంటి కోడళ్లు. అది చుట్టాల పెళ్లిలో తీసిన ఫొటో; ఒకరికి ఎక్కువ ఒకరికి తక్కువ అనిపించుకోకుండా ఇద్దరికీ ఒకే రంగు చీర పెట్టారు. కొడుకు కంటికి ఆ ఫొటోలో ఒక్కతే ఉంది.

ఫోన్ చేసి అడిగితే తేలిపోయేది. మమత నంబరు మూడుసార్లు నొక్కింది, మూడుసార్లూ చెరిపేసింది. ఏడుస్తున్న ఇంటికి ఫోన్ చేసి, మీ అమ్మ ఎవరు అని ఎలా అడగాలి? ఇద్దరినీ చాలాసేపు చూసింది. ఒకామె నవ్వుతోంది. రెండో ఆమె ఎవరో పిలిచినట్టు పక్కకు చూస్తోంది. పోయింది ఈమే అనుకుంది. ఆ చూపును తిప్పి ఎదురుగా పెట్టింది.

పిలుపు విన్నట్టున్న ఆ మనిషి అమృతమ్మ. మర్నాడు దినాల సామాను కొనుక్కుని ఊళ్లో బస్సు దిగి తలెత్తేసరికి, చౌరస్తాలో దండల మధ్య తన ముఖమే కనిపించింది. కింద నిలబడి ఉన్నవాళ్లు ఆమెను చూసి రెండడుగులు వెనక్కి వేశారట.

ప్రేమ్‌సాగర్ వెంటనే ఊరికి పోయి కొత్త ఫ్లెక్సీ కట్టించి వచ్చాడు. పాతదాన్ని ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు. బతికున్న మనిషి ముఖాన్ని చింపలేరు, కాల్చలేరు. అమృతమ్మ దాన్ని చుట్టి మంచం కింద పెట్టుకుని అన్నం మానేసింది. నాలుగో రోజు ప్రేమ్‌సాగర్ మమత ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

“కాళ్లు మొక్కి వచ్చిన. నేను కాదట, బొమ్మ చేసినదాన్నే రమ్మంటాంది. ఆ ముసలామెకు ఏమన్న అయితే ఈ దుకాణానికి ఎవడొస్తడు చెప్పు? పోతవా పో. పోకుంటే రేపటిసంది రాకు.”

మమత దొరక్క దొరక్క దొరికిన పనిని ఒకసారి కళ్లారా చూసుకుని, ఆటో ఎక్కింది.

అమృతమ్మ మంచం మీద గోడకు ఆనుకుని ఉంది. మమతను పైనుంచి కిందిదాకా చూసింది.

“గింతంత పోరివి. నన్ను చంపింది నువ్వేనా?”

కూర్చోమని మంచం కోడు చూపించింది.

“కాకి నెత్తి మీద తన్నితే ఏం జేస్తరో ఎర్కేనా నీకు?”

మమతకు ఎరికే. ఆ మనిషి పోయిందని పుట్టింటికి అబద్ధపు కబురు పంపుతారు. వాళ్లు గొల్లుమన్నాక, బతికే ఉందని చెబుతారు. ఆ ఏడుపుతో గండం తీరిపోతుంది. మమత నాయనమ్మకు అలాగే చేశారు.

“నా బొమ్మ ముంగట నిలబడి అందరు మా యారాలుకు ఏడ్చిండ్రు,” అంది అమృతమ్మ. “నాకెవలు ఏడ్వలే. కబురు వచ్చింది, ఏడుపు రాలే. గా సావు నన్ను తీస్కపోకుంటే ఊకుంటదా?”

పుట్టింట్లో మిగిలింది తమ్ముడు దశరథ ఒక్కడే. కల్వకుర్తి అవతల ఉంటాడు. బావి దగ్గర గట్టు పంచాయితీ వచ్చి పదకొండేళ్లుగా మాటల్లేవు. అతని నంబరు తలుపు వెనక గోడ మీద బొగ్గుతో రాసి ఉంది. ఇంట్లో ఎవరూ ఆ ఫోన్ చెయ్యరు. అబద్ధానికైనా అతనితో మాట్లాడబోమని ఒట్టు పెట్టుకున్నారు.

“నువ్వే చెయ్యాలె బిడ్డ. మొదాలు సచ్చిన అని చెప్పు. ఏడ్సినంక, బతికున్న అని చెప్పు. గంతే.”

సిగ్నల్ కోసం మమత గొర్రెల దొడ్డి దాకా నడిచింది. గోడ మీది నంబరు నొక్కింది, ఈసారి చెరపలేదు. అటువైపు ఎత్తారు. దశరథేనా అని అడిగింది. ఆ, చెప్పు అన్నాడు.

“మీ అక్క… అమృతమ్మ… పోయింది.”

అటు నీళ్ల మోటారు చప్పుడు. ఎవరో ఆడమనిషి, ఎవరు అని అడిగింది. దశరథ గొంతు, ఫోనుకు దూరంగా, తడి లేకుండా వినిపించింది.

“ఎవరో. రాంగ్ నంబరట.”

కట్ అయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఇంకోసారి చేస్తే స్విచ్చాఫ్. మమత దొడ్డి తడిక పట్టుకుని నిలబడింది. గొర్రెలు ఆమె వైపే చూస్తున్నాయి. తిరిగి లోపలికి వచ్చేసరికి అమృతమ్మ లేచి కూర్చుని ఉంది.

“ఏడ్చిండా?”

“ఏడ్చిండవ్వా.”

“బతికున్ననని చెప్పినవా?”

“చెప్పిన.”

ముసలామె కొంగుతో ముఖం తుడుచుకుని, కోడలిని పిలిచి అన్నం పెట్టమంది. ఫ్లెక్సీని గడ్డివాము మీద, ముఖం లోపలికి పెట్టి కప్పమంది.

ఇది జరిగి రెండేళ్లయింది. మమత ఆ దుకాణంలోనే ఉంది. ఇప్పుడు ప్రతి ఫొటోకూ తానే ఫోన్ చేసి, ఇందులో పోయినవారు ఎవరండీ అని అడుగుతుంది. గొంతు చిన్నదే, కాని తడబడదు. దశరథ తన అక్క ఊరికి రాలేదు. చచ్చిపోయిందన్నప్పుడూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

అమృతమ్మ మాత్రం పింఛను కోసం దేవరకొండ వచ్చిన ప్రతిసారీ దుకాణంలోకి తొంగిచూస్తుంది. మమత పక్కన కూర్చుని, మా తమ్ముడు ఎట్ల ఏడ్చిండో చెప్పు బిడ్డ అంటుంది. మొదటిసారి మమత, బాగ ఏడ్చిండు అని ఊరుకుంది. రెండోసారి ముసలామె అడిగితే, గట్టు మీద కూలబడ్డడట అని చేర్చింది. ఆ తర్వాత నోట్లో తువ్వాల కుక్కుకున్నాడు. అక్కా అక్కా అని పిలిచాడు. మోటారు బంద్ చెయ్యమని భార్యను కేకేశాడు. ఒకప్పుడు ఒక్క మాట ఆడలేని అమ్మాయి ఒక మనిషి ఏడుపును నెలనెలా కొంచెం కొంచెం పెంచుకుంటూ వస్తోంది.

ఇదంతా ఆమె చెప్తుంటే విని, రాసుకోవడం ముగించి నేను లేస్తుంటే, కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా మమత చివరిగా అంది:

“నిజం చెప్తున్న. గీ మధ్య నాక్కూడ వినొస్తాంది, ఆయన ఏడుపు.”