ఉప్పునీళ్లలో పేల పెంపకం

ఏడో తరగతిలో మా సైన్సు మాస్టారు నా నెత్తిమీద మొట్టి, "ఇందులో ఉన్నవి నీళ్లేరా" అన్నారు. పెద్దాయన మాట మీద గౌరవంతో మర్నాటి నుంచి బడికి వెళ్లలేదు. ఇప్పుడు అరకులో ఒక లాడ్జిలో నా ఉద్యోగమే నీళ్లు. మాస్టారు ఎక్కడున్నా సంతోషించాలి.

నీళ్లంటే మామూలువి కావు, ఉప్పునీళ్లు. విశాఖపట్నంలో సముద్రం పక్కన కాపురముండే జనం రైలెక్కి, సొరంగాల్లో కేకలేసుకుంటూ కొండ మీదికొస్తారు. వచ్చినవాళ్లకి మా ఓనరు భోజనాల హాల్లో సముద్రం చూపిస్తాడు. మంచమంత గాజుతొట్టె, అందులో ఉప్పునీళ్లు, రంగుచేపలు. సూట్‌కేసులు మోసే నన్ను దానికి కాపలా పెట్టాడు. ఆ రోజు నుంచి నా నడకే మారిపోయింది.

వారానికోసారి తొట్టెలో కొంత పాతనీరు తీసి, ఉప్పు కలిపిన కొత్తనీరు పొయ్యాలి. పాతనీరు వంటింటి వెనక పారబోసేవాణ్ణి. అక్కడ మా వంట పిన్ని రాజ్మా పాదు పెట్టుకుంది. పెదబయలు వైపు మనిషి, పాదుని పిల్లల్లా చూసుకుంటుంది. ఆకులు పసుపెక్కడం మొదలెట్టాక నన్ను పట్టుకుంది.

"ఏటి పోత్తన్నావురా దీనికి?"

"నీళ్లే పిన్నీ. బలం."

వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. ఆ తరవాత చాలా రోజులు నా సాంబార్లో ముక్కలు పడలేదు.

ఇక పాతనీరు ఎక్కడ పొయ్యను? పక్కన పారే గెడ్డలో పోద్దామంటే పశువులు తాగుతాయి. ముందర ఓనరుగారి పచ్చిక. దిక్కులేక మంచినీళ్ల డబ్బాల్లో పట్టి మెట్ల కింద దాచాను.

ఇంతలో ఓనరు మాండరిన్ అనే కొత్త చేపని తెచ్చాడు. వేలెడంత ఉంటుంది, పెళ్లికి కట్టిన పట్టుచీరలా ఉంటుంది. మేత వేస్తే మొహం తిప్పుకునేది. రోజురోజుకీ పొట్ట లోపలికి పోతోంది. దీనికి ముందు తెచ్చిన ఇదే జాతి చేప అలాగే చిక్కి చచ్చిపోయింది. ఓనరు తొట్టె ముందు నిలబడి చెప్పేశాడు: "ఇది కూడా పోతే తొట్టె తీసేసి ఐస్‌క్రీం ఫ్రిజ్ పెడతా. నువ్వెళ్లి సూట్‌కేసులు మోసుకో."

చేపలమ్మిన కుర్రాడికి ఫోన్ చేశాను.

"అది ప్యాకెట్ మేత తినదు బ్రదర్. కోపెపాడ్లు కావాలి. నలకంత పురుగులు, తెల్లగా, గెంతుతుంటాయి. మనమే పెంచుకోవాలి."

"దేంట్లో?"

"తొట్టెలోంచి తీసిన పాతనీళ్లలో. అందులో నాచు కలిపితే అవి నాచు తిని పెరుగుతాయి, చేప వాటిని తింటుంది. పాతనీళ్లు పారబొయ్యట్లేదు కదా?"

"ఛఛ. చుక్క కూడా," అన్నాను.

బస్సు డ్రైవరు చేతికిచ్చి రెండు సీసాలు పంపాడు, ఒకటి నాచు, ఒకటి పురుగులు. నా డబ్బాల్ని వంటింటి గోడ పక్కన ఎండలో పెట్టి, సీసాలు కలిపి, గాలి గొట్టాలు వేశాను. మంచు కమ్మిన పొద్దుల్లో నాచు బద్ధకించేది. ఎండ కాసిందంటే పెసరట్టు పిండిలా చిక్కగా పచ్చబడేది. ఆ పచ్చదనంలో పురుగులు ఉన్నాయో చచ్చాయో చూద్దామంటే కనపడవు. అక్కడ చేప పొట్ట ఇంకా లోపలికే.

"ఏటిరా ఈ మురికి?" అంది పిన్ని డబ్బాలు చూసి.

పురుగుల సంగతి చెప్పాను. "పేలు పెంచుతన్నావేటి?" అని మూతి మీద కొంగు పెట్టుకుని నవ్వింది. ఆ పూట నుంచి వంటింట్లో నా పేరు పేలాయన.

ఆమెని మంచి చేసుకుందామని సంతలో రాజ్మా విత్తనాలు కొని తెచ్చిచ్చాను. పిన్ని మనసు కరిగింది. నాకూ ఒక మంచి చేద్దామనుకుంది. వాళ్ల ఊళ్లో వానలకి గెడ్డనీరు బురదైతే చిల్లగింజ రాతి మీద అరగదీసి బిందెలో కలుపుతారు, పొద్దుటికి మట్టంతా అడుక్కి దిగి నీళ్లు తేటబడతాయి. పొద్దున్నే వెళ్లి చూస్తే నా డబ్బాలన్నీ అద్దాల్లా మెరుస్తున్నాయి. నా నాచంతా అడుగున ముద్ద. గాలి గొట్టాలు చక్కగా చుట్టి పక్కన పెట్టి ఉన్నాయి.

"బాగా తేరినాయి గదా," అంది పిన్ని, మెప్పు కోసం చూస్తూ.

నేను అక్కడే చతికిలబడ్డాను. "మేతంతా పోయింది పిన్నీ. చేప చస్తుంది. నేను సూట్‌కేసులు మోస్తాను."

ఆమె కంగారుగా డబ్బా మీదికి వంగింది. చాలాసేపు చూసింది.

"మరి ఈ గెంతేవేటిరా? పేలు కావా?"

చూద్దును కదా, అడుగున ఆ పచ్చముద్ద మీద రవ్వ చల్లినట్టు తెల్లటి నలకలు. ఒకటి పాకుతోంది, ఒకటి గెంతుతోంది, ముద్దంతా వాటికి విందు. ఇన్నాళ్లూ ఉన్నాయి, నీళ్లు తేరితేగానీ నాకు కనపడలేదు.

గొట్టంతో గ్లాసులోకి లాగి హాల్లోకి పరిగెత్తాను. తొట్టెలో వొంపాను. చేప ఒక కన్ను ఇటు తిప్పింది. రాయి దగ్గరికి జారింది. ఒక నలకని ఠక్కున పొడిచింది. ఇంకొకటి. ఉప్మా తింటున్న టూరిస్టులకి "తింటోందండీ, తింటోందండీ" అని చెప్పుకుంటూ తిరిగాను. పాపం ఒకాయన తన ప్లేటు సంగతేమో అనుకుని, "బాగుందండీ" అన్నాడు.

పొట్ట గుండ్రబడింది. ఫ్రిజ్ మాట ఓనరు మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు పురుగులు తియ్యాల్సినప్పుడల్లా ఒక డబ్బాకి చిల్లగింజ వేస్తాను.

ఈమధ్య ఒక ఫ్యామిలీ తొట్టె ముందు నిలబడి, ఇంత కొండమీద దీన్నెలా బతికిస్తున్నారని అడిగారు. గొంతు సవరించుకుని, పాతనీళ్ల దగ్గర మొదలెట్టి అంతా నా బుర్రే అన్నట్టు చెప్పాను. వెనక నుంచి పిన్ని పూరీల ప్లేటు పట్టుకొచ్చింది.

"నిజవేనండి," అంది వాళ్లతో. "నీళ్లు మురికి సేసింది ఈడు, తేర్చింది నాను, తిన్నది సేప. మద్దిలో సచ్చింది నా రాజ్మా పాదు."