మనుషుల్ని ఎగబాకవచ్చా?

రాజాం బజారులో కొన్న నేరేడుపళ్ల పొట్లం విప్పగానే వగరూ తీపీ కలిసిన ఆ వాసన వంటిల్లంతా పరుచుకుంది, రసం అంటి ఊదారంగు తిరిగిన పేపరు ముక్క మీద "బంగారం ధర మళ్లీ ఎగబాకింది" అన్న వార్త కనిపించింది. హవ్వ, బంగారానికి కాళ్లున్నాయా చేతులున్నాయా ఎగబాకడానికి! మా చిన్నప్పుడు ఆ పని మనుషులే చేసేవారు, అదీ సాటి మనిషిని కింద వదిలేసి.

మా కళ్లం గట్టున ఒక నేరేడు చెట్టు ఉండేది. జ్యేష్ఠమాసంలో తొలి జల్లు పడి ఎండిన మట్టి ఆవిరి కక్కుతుంటే, నాయనమ్మ కాల్చి ఒలిచిన జీడిపిక్కలు గౌను జేబులో పోసుకుని, నాలుక ఊదాగా మారేదాకా ఆ కొమ్మల మీదే ఉండేదాన్ని. రెండేళ్లు పెద్దవాడైన మా అన్న నాకు పోటీ. ముందెక్కినవాణ్ణి పక్క కొమ్మ మీదుగా దాటిపోయి, వాడి తల మన పాదాల కిందికి వస్తే, అదీ ఎగబాకడమంటే. దాటినవాళ్లు అరిస్తే చాలదు, వెనకబడ్డవాడు నోటితో ఒప్పుకోవాలి. మా అన్న చచ్చినా ఒప్పుకునేవాడు కాదు. "ఒసే, నువ్వు సెట్టెక్కినావు గానీ నన్ను ఎగబాకనేదు" అనేవాడు. ఆ ఒక్క మాట వాడి నోట వినాలని నాకెంత ఆశగా ఉండేదో!

బళ్లో తెలుగు మాస్టారు సొంతవాక్యాలు రాయమంటే "నేను మా అన్నను ఎగబాకాను" అని రాశాను. ఆయన ఎర్రసిరాతో సున్నా చుట్టి, "చెట్టును ఎగబాకుతారమ్మా, మనిషిని కాదు. మించాను అని రాయి" అన్నారు. ఏడుపు దిగమింగుకుని ఇంటికొచ్చి నాయనమ్మను అడిగాను. చింతపండులో పిక్కలు తీస్తున్న ఆవిడ చెయ్యి ఆపకుండానే, "సెట్టు కదల్దు కదే! దాన్ని ఎగబాకితే ఏటి గొప్ప? మీదున్నోడ్ని దాటితేనే గదా ఆ మాట!" అంది. ఎవరు రైటో నాకు తేలలేదు. ఇప్పటికీ నిఘంటువు తీస్తే మాస్టారే నెగ్గుతారు, నా చెవికి మాత్రం నాయనమ్మ మాటే సబబుగా ఉంటుంది.

మరునాడు పంతం పట్టాను. అన్న ఆగిపోయిన చోటు దాటి, నా మణికట్టంత కూడా లేని కొమ్మ పట్టుకుని పైకి పోయాను. నేరేడు కొమ్మ అసలే పెళుసు, ఎక్కడో పుటుక్కుమంది.

"దిగవే, ఇరిగిపోతాది!" అని అన్న కేక పెట్టాడు.

"ఎగబాకినావని సెప్పు, దిగుతాను," అన్నాను.

"ఎగబాకీసినావే తల్లీ, దిగు!"

దిగాను. గెలిచానో, వాణ్ణి బెదిరించి చెప్పించుకున్నానో నాకే తెలియలేదు. అమ్మ ఎక్కణ్ణుంచి చూసిందో, వీపు విమానం మోత మోగించింది. ఆ పైయేడు పెద్దదాన్నయ్యానని చెట్టెక్కడమే మాన్పించేశారు, ఇంక తేల్చుకునే దారే లేకుండా పోయింది.

ఇప్పుడు ఆ గట్టు మీదుగా తారురోడ్డు పోయింది. చెట్టు లేదు, నాయనమ్మ లేదు, మా మనవలకు ఎగబాకడమంటే ర్యాంకే. ఇవాళ ఉండబట్టలేక, కళింగపట్నంలో ఉంటున్న అన్నకు ఫోన్ చేసి, "అన్నా, ఆ రోజు నిజంగానే నిన్ను ఎగబాకినానా, బయపడి అన్నావా?" అని అడిగేశాను. యాభై ఏళ్ల కిందటి ముచ్చట కదా, ఏ రోజని కూడా అడగలేదు వాడు.

"ఆ రోజు బయానికే అన్నానే," అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. మళ్లీ వాడే, "అంతకు ముందు నాలుగుసార్లు నిజంగానే ఎగబాకీసినావు. నానే సెప్పనేదు," అన్నాడు.