చెయ్యెత్తి పోయించుకున్న మట్టి

తెలంగాణ రాకముందు మాట. నాచారంలో మేం అద్దెకున్న ఇంటి వెనక పాత రాళ్ల క్వారీ ఉండేది. రాయి అయిపోయాక ఫ్యాక్టరీల వాళ్లు ఆ గుంతలో రసాయనాల చెత్త పోసేవారు. ఏళ్ల తరబడి మొత్తుకుంటే సర్కారు ఆ విషపు మట్టిని తీసి దూరంగా పూడ్చమని కాంట్రాక్టు ఇచ్చింది.

అప్పుడే నాన్న ఉప్పల్‌లో ఇల్లు మొదలుపెట్టాడు. బేస్‌మెంట్ నింపడానికి రోడ్డు మీద పోయే టిప్పర్‌ను ఆపి మట్టి అడగడం మా వైపు అలవాటు. ఎక్కడి మట్టో అడగాలని ఎవరికీ తోచదు. నాన్న కూడా చెయ్యెత్తాడు.

"అన్నా, జర మా బేస్‌మెంట్ల పొయ్యరాదే!"

డ్రైవర్ సంతోషంగా పోశాడు. అమ్మ చాయ్ కూడా ఇచ్చింది.

మేం ఆ ఇంట్లో చేరాక మొదటి వానకే గచ్చు పగుళ్లలోంచి క్వారీ వాసన గుప్పుమంది. క్వారీ కాంట్రాక్టు ఇచ్చిన సర్కారు ఆఫీసుకెళ్లి నిలదీస్తే ఇంజనీరు తల కూడా ఎత్తలేదు.

"కాంట్రాక్టరు బిల్లు ఎప్పుడో పాసైంది. మేమేమన్న పొయ్యమన్నమా? మీరే చెయ్యెత్తి పోయించుకున్నరు."

సిగ్గులేని మాట! క్వారీ దగ్గర మాత్రం 'ఈ నేల శుద్ధి చేయబడినది' అని బోర్డు పెట్టారు. అది అబద్ధమని కూడా అనలేం. ఆ మట్టి ఇప్పుడక్కడ లేదు. దాని మీద చాప పరుచుకుని మేం పడుకుంటున్నాం.