ఎవరి కుడి, ఎవరి ఎడమ?

నా చిన్నప్పుడు మా ఇంట్లో గొర్రె ఒంటిమీద ప్రతి చోటుకూ ఒక పేరుండేది, ఆడమనిషి ఒంటికి మాత్రం ‘కడుపు’ అన్న మాట ఒక్కటే ఉండేది. ఇవాళ మీ ఇంట్లో ఎన్ని మాటలున్నాయి?

మాది నకిరేకల్‌ దగ్గరి పల్లె. మా తాత గొర్ల కాపరి. మందలో ఒక్క గొర్రె మేత మానినా డొక్కలో వేళ్లు పెట్టి ఒత్తి, వాపు పైనుందో లోపలుందో చెప్పేవాడు. అలాంటి మనిషి ఇంట్లో ఆయన చిన్న కూతురు, అంటే మా మేనత్త, రెండు రోజులు మెలికలు తిరిగినా ఎక్కడ నొస్తోందని ఎవరూ అడగలేదు. పెళ్లి కావలసిన పిల్లకు కడుపు నొప్పంటే ఊరు ఏమనుకుంటుందోనని అత్తను కన్న మా అవ్వ భయం.

అత్త నాకొక్కదానికే చూపించింది. నేను ఆమెకు ఎదురుగా కూర్చున్నాను. బొడ్డు కింద ఒక పక్కన వేలు పెట్టి, “గీడ సూదులు పొడిచినట్టున్నదే. ఎవలకు చెప్పకు” అంది.

మూడోనాడు దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరు ఒత్తి చూస్తానంటే అవ్వ అడ్డం పడింది. “మొగోనివి, నువ్వెట్ల ముడ్తవు సారూ? మందియ్యి, పోతం.” కనీసం కుడి పక్కో ఎడమ పక్కో చెప్పమన్నాడాయన. అత్త తల ఎత్తలేదు. అవ్వకు తెలియదు. నేనే ధైర్యం చేసి, ఆ వేలు నాకు ఏ పక్కన కనిపించిందో ఆ పక్క చెప్పాను. “ఎడమ.”

డాక్టరు ముఖం తేటపడింది. కుడి అయితే ఆపరేషనుకు నల్లగొండకు పంపేవాడినన్నాడు. గోలీలిచ్చి, తగ్గకపోతే మళ్లీ తీసుకురమ్మన్నాడు. మర్నాడు నొప్పి తగ్గిందని అత్త నవ్వింది కూడా. లోపల ఉండుకం, అదే అపెండిక్స్, పగలడం వల్లే నొప్పి ఆగిందని మాకెవరికీ తెలియదు. ఆ మరుసటి రోజు కడుపు బల్లలా బిగిసి, దవాఖాన దారిలోనే ప్రాణం పోయింది. శవాన్ని ముట్టుకోవడానికి మాత్రం ఎవరూ అడ్డం పడలేదు. డాక్టరు ఒత్తి చూసి, “ఇది కుడి పక్క కదమ్మా” అన్నాడు.

అన్నం ఎందుకు ముట్టడం లేదని తాత అడిగితే, నాకు కనిపించిన పక్కే డాక్టరుకు చెప్పానని చెప్పేశాను. ఆయన తిట్టలేదు. మంద దగ్గరికి తీసుకుపోయి, ఒక పొట్టేలుకు ఎదురుగా నిలబెట్టి, దాని చెవి పట్టుకుని ఏ పక్కని అడిగాడు. ఎడమ అన్నాను. నా భుజాలు పట్టి తిప్పి, పొట్టేలు చూసే దిక్కుకే ముఖం పెట్టించి, మళ్లీ అడిగాడు. ఆ చెవి కుడిదైంది.

“దాని ఒళ్లు, దాని పక్క. సూసేటోళ్ల పక్కతోని పని లేదు” అన్నాడు. కాసేపటికి, “తప్పు నీది గాదు బిడ్డా. గొర్లను ఒత్తి చూసిన, కన్నబిడ్డను అడగకపోతి” అని పొట్టేలు వీపుమీద తల పెట్టి ఏడ్చాడు.

వైద్యం చదివేవాళ్లకూ తొలి పాఠం ఇదేనని తర్వాత తెలిసింది. మనిషి నిటారుగా, ముఖమూ అరచేతులూ ముందుకు పెట్టి నిలబడ్డట్టు ఊహించి, పైన కింద, ముందు వెనక, కుడి ఎడమ అన్నీ ఆ ఒంటినుంచే చెప్పాలి.

తెలంగాణ వచ్చింది, పిలిస్తే ఊళ్లోకి అంబులెన్సు వస్తోంది. నిరుడు చిట్యాల దగ్గర ఒక బడిలో ఒంటి గురించి చెప్పడానికి పోయి, నేను భాగాల పేర్లు పలికితే పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వారు. “ఆడపిల్లల ముంగట గవన్నీ ఎందుకు మేడం?” అన్నాడు పంతులు. “ఆడపిల్లలకు ఒళ్లు లేదా సారూ?” అన్నాను.

మా అత్తను చంపిన సిగ్గును ఇంకా మర్యాద అనే పిలుస్తున్నాం. ఆనాడు నేను పలికిన ‘ఎడమ’ ఇప్పటికీ నా నోట్లో చేదుగా ఉంది. చదివింది చాలు, మీ బిడ్డను పిలవండి. తన ఒంటిమీద తన చెయ్యే పెట్టించి, ప్రతి భాగం పేరూ గట్టిగా చెప్పించండి. ఒక్క పేరు దగ్గర కూడా మీరు తల తిప్పుకోకండి.