చిన్నాయనా అని పిలిచినోడు

ఎనభైల్లో, వానల్లేని ఒక ఏడు, కళ్యాణదుర్గం బస్టాండులో కుందుర్పి బస్సు కోసం కూర్చున్నాను. పక్కన ఒక రైతు. మా నాయన కంటే కొంచెం చిన్నోడు. శెనక్కాయ పంట గురించి అడిగితే ఆయన అప్పు గురించి చెప్పినాడు.

"నేను తీసుకున్న అప్పు పోయినేడే కట్టేసినా. అయినా మొన్న బ్యాంకోళ్లు జీపులో వచ్చి ఎద్దుల్ని తోలుకపోయినారు. ఈడ ఆఫీసులో అడిగితే నా పేరుతో ఇంకో అప్పుండాదని కాగితం చూపించినారు. పేరు నాది, భూమి నాది. ఫోటో మాత్రం ఎవనిదో."

"ఎవరు చేసింటారు?"

"వసూలుకొచ్చే పిల్లోడేనప్పా. నా కాగితాలన్నీ వాని చేతిలోనే కదా ఉన్నింది. చిన్నాయనా, చిన్నాయనా అంటా వంటింట్లోకే వస్తాండె. మా ఆడమనిషి సచ్చిపోతే పాడె కూడా మోసినాడు."

"పోలీసులకు చెప్పినావా?"

"చెప్పినా. ఎద్దులు రావచ్చు." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "వాడు అడిగింటే నా పేరు మీద నేనే అప్పు తీసిస్తాంటి."

బస్సొచ్చింది. తోపులాటలో ఆయన తన మూట మరిచిపోయి ఎక్కేసినాడు. వెనకనుంచి పిలవబోయినాను. ఆ వయసు మనిషిని మా వైపు చిన్నాయనా అనే పిలుస్తాం. నోరు రాలేదు. జనాన్ని తోసుకుంటా పోయి, మూట ఆయన ఒడిలో పెట్టినాను.