గొంతులో నవ్వు లేకుండా పిలిచిన సారు

మా లెక్కల సారు పోయిన సంగతి నాకు కలెక్టర్ చెప్పాడు.

చదివేవాళ్లు కంగారు పడొద్దు. ఈ కలెక్టర్‌కు బంగళా లేదు, బంట్రోతు లేడు. కళ్యాణదుర్గం నుంచి మా ఊళ్ల వైపు షేర్ ఆటో తోలుతాడు. వాడు పుట్టిన రోజున కరువు చూడడానికి జిల్లా కలెక్టరు మా ఊరికి వచ్చాడట. వాళ్ల నాయన ఆ జీపును కళ్లారా చూసొచ్చి కొడుక్కి ఆ పేరే ఖాయం చేశాడు. ఆరు నుంచి పది దాకా వాడూ నేనూ ఒకే తరగతి. మొన్న పొద్దున నేను డ్యూటీకి వస్తుంటే ఆసుపత్రి గేటు దగ్గర ఆటో ఆపి, దిగకుండానే అన్నాడు:

“మే స్వప్నా, లెక్కల సారు పోయినాడు. పొద్దున్నే కాఫీ తాగి మంచం మీద ఒరిగినాడంట, అంతే. పోదాం రా. ఆటో ఖాళీగానే ఉండాది.”

నేను ఆ ఆసుపత్రిలో నర్సును. ఇలాంటి కబురు ఎంతోమందికి నేనే చెప్పాను. చెప్పడం ఎలాగో తెలుసు. వినడం ఎలాగో మాత్రం తెలియలేదు. సెలవు చీటీ ఇచ్చి వచ్చి ఆటో ఎక్కాను. దారి పొడవునా వాన కోసం దున్ని పెట్టిన చేన్లు ఎర్రగా అలాగే పడి ఉన్నాయి.

సారు గురించి చెప్పాలంటే ముందు నా పేరు గురించి చెప్పుకోవాలి. స్వప్న నా రెండో పేరు. మొదటిది తిప్పక్క. మా వైపు తిప్ప అంటే పెంటకుప్ప. నాకంటే ముందు మా అమ్మకు ముగ్గురు పుట్టి, పురిటి మంచం దిగకముందే పోయారు. అందుకని నేను పుట్టగానే చేటలో వేసుకుపోయి తిప్ప మీద దొర్లించి, పక్కింటామెకు ఇచ్చేసి, పిడికెడు తవుడు పోసి మళ్లీ కొని తెచ్చుకున్నారు. చెత్తలో దొరికిన బిడ్డను చావు కూడా ముట్టుకోదని మావాళ్ల నమ్మకం. చావు సంగతి నాకు తెలియదు గానీ, బళ్లో మాత్రం ఆ పేరును అందరూ ముట్టుకునేవాళ్లే.

సైన్సు సారు హాజరు తీసేటప్పుడు నా పేరు దగ్గర ఆగి, “ఆ కిటికీ తెరవండ్రా, గాలి రానీ” అనేవారు. హిందీ మేడం “అయ్యో పాపం” అనేవారు. ఆ జాలి కన్నా సైన్సు సారు కిటికీయే నయం. హెడ్మాస్టరుగారైతే “ఈ కాలంలో కూడా ఇవేం పేర్లమ్మా!” అని నన్నే కోప్పడేవారు, నా పేరు నేనే పెట్టుకున్నట్టు. కలెక్టర్‌ను “కలెక్టర్ గారూ, కాస్త డస్టర్ అందిస్తారా” అని ఆటపట్టించేవారు. మా తరగతిలో హల్లెలూయ అని ఒక అమ్మాయి ఉండేది. ఆమె పేరు పిలిస్తే చాలు, వెనక బెంచీలు పాట ఎత్తుకునేవి. పిల్లలు నవ్వారని ఇప్పుడు నాకేం కోపం లేదు. పెద్దవాళ్లు నవ్వారని మాత్రం ఇంకా ఉంది.

నిజం దాచకూడదు. లెక్కల సారు కూడా నవ్వారు. నేను ఆరో తరగతిలో ఉండగా ధర్మవరం వైపు నుంచి మా బడికి బదిలీ మీద వచ్చారు. సన్నగా, పొడుగ్గా, జేబులో ఎప్పుడూ వేయించిన చెనక్కాయలతో ఉండేవారు. మొదటి రోజు హాజరు పిలుస్తూ నా పేరు దగ్గరికి రాగానే ఆయన పెదవి ఒక పక్కకు కదిలింది. అంతే. తరగతంతా గొల్లుమంది. నేను తల వంచుకుని “ప్రెజెంట్ సార్” అన్నాను. తలెత్తి చూస్తే ఆయన ముఖంలో నవ్వు లేదు. ఏదో పగలగొట్టినవాడి ముఖంలా ఉంది.

మరుసటి రోజు హాజరులో నా పేరు రాలేదు. దాని చోట “స్వప్న” అని పిలిచారు. ఎవరూ పలకలేదు. సారు నా వైపు చూసి, “నిన్నేనమ్మా” అన్నారు.

అడక్కుండానే, ఎవరితోనూ చెప్పకుండానే రిజిస్టరులో పేరు కొట్టేసి కొత్త పేరు రాసేశారు. మంచి చేస్తున్నాననే అనుకున్నారు పాపం. నేనైతే నేల మీద నడవలేదు. ఉన్న నోటుపుస్తకాలన్నిటి మీదా స్వప్న అని రాసుకున్నాను. తొమ్మిది రోజులు నేను స్వప్నను. పదో రోజు పొద్దున, బడికి పోకముందు, చేలో కలుపు తీస్తూ అమ్మ “తిప్పక్కా, నీళ్లు తేమే” అని కేకేస్తే పలకలేదు. మళ్లీ పిలిస్తే, “నా పేరు స్వప్న, సారు మార్చినాడు” అన్నాను.

అమ్మ చేతిలో కలుపు అక్కడే పడేసింది. చేతుల మట్టి కూడా కడుక్కోకుండా నన్ను రెక్క పట్టుకుని బడికి లాక్కొచ్చింది. తరగతి గుమ్మంలో నిలబడి సారుకు చేతులెత్తి దండం పెట్టింది.

“సారూ, నీ కాళ్లు మొక్కుతా. ముగ్గురు పోయినారు నాకు. దీన్ని ఆ పేరు అడ్డం పెట్టుకోని బతికిచ్చుకున్యాను. నువ్వు సదువుకున్నోనివి, నవ్వుతావేమో, నవ్వుకో. పేరు మాత్రం తీయాకు సామీ.”

సైన్సు సారైతే మూఢనమ్మకం మీద ఒక పాఠం చెప్పి పంపేవారు. లెక్కల సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “తప్పయింది తల్లీ. నిన్ను అడగాల్సింది” అన్నారు. రిజిస్టరు తెచ్చి అమ్మ ఎదురుగానే స్వప్న కొట్టేసి తిప్పక్క అని రాశారు. అమ్మకు చదువు రాదు. అందుకని పుస్తకం నా ముందు పెట్టి, “మీ అమ్మకు చదివి వినిపించు” అన్నారు. చదివాను. నా పేరు నేనే, అందరి ముందు.

“ఇంగ ఎప్పటికీ ఇదేనా?” అని సారు అమ్మను అడిగారు. “పదో తరగతి దాటితే గండం దాటినట్లే సారూ. అప్పుడు దాని ఇష్టం” అంది.

ఆయన మీద నాకు పుట్టిన కోపం ఇంతా అంతా కాదు. ఇచ్చిన చేత్తోనే లాక్కున్నారనిపించింది. హాజరు పిలిస్తే పలికేదాన్ని కాదు. సారు ఒక క్షణం ఆగి, నా వైపు చూసి, హాజరు వేసుకుని ముందుకు పోయేవారు.

ఒకరోజు కుండలో నీళ్లు నింపే వంతు నాదై పెందలాడే బడికి వచ్చాను. ఖాళీ తరగతిలోంచి సారు గొంతు వినిపించింది. కిటికీలోంచి చూశాను. ఎవరూ లేని బెంచీలకు ఎదురుగా నిలబడి రిజిస్టరు చదువుతున్నారు. కలెక్టర్. హల్లెలూయ. తిప్పక్క. నా పేరు దగ్గర ఆగి మళ్లీ అన్నారు. మళ్లీ ఇంకోసారి. ఎక్కం వల్లె వేసే పిల్లాడిలా, తప్పు పోయేదాకా. మూడోసారి ఆ పేరు ఆయన నోట్లో సుబ్బలక్ష్మి లాగా, సరస్వతి లాగా మామూలుగా పలికింది. నాకు ఏడుపొచ్చింది. కిటికీ అవతలి నుంచే “ప్రెజెంట్ సార్” అన్నాను.

సారు ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. చూసినందుకు తిట్టలేదు. జేబులోంచి పిడికెడు చెనక్కాయలు తీసి కిటికీలోంచి నా దోసిట్లో పోశారు. “పిల్లోళ్లు పేరు విని నవ్వరమ్మా, పిలిచేటోని మొగం చూసి నవ్వుతారు. ఆ మొదటి పొద్దు నా మొగం బాగాలేదు” అన్నారు.

ఆ తర్వాత ఏటా జూన్‌లో బడి తెరిచే ముందు ఆయన అలా పేర్లు సాధన చేసేవారని అందరికీ తెలిసిపోయింది. తోటి సార్లు ఎగతాళి చేస్తే, “పెట్టినోళ్లకు ఏం కష్టమొచ్చి పెట్టినారో మనకేం తెలుసప్పా, మన పని పిలిచేది” అని ఊరుకునేవారు. మా తరగతిలో నవ్వులు ఎప్పుడు ఆగిపోయాయో నాకు గుర్తు లేదు. ఆగిపోయాయి, అంతే.

పదో తరగతి పరీక్షలకు పేర్లు పంపే ముందు సారు సైకిలేసుకుని మా ఇంటికొచ్చారు. ఇప్పుడు రాసిందే జీవితాంతం ఉంటుందని అమ్మకు విడమరిచి చెప్పారు. తర్వాత నా వైపు తిరిగి, “ఏం రాయమంటావు?” అన్నారు.

“స్వప్న” అన్నాను, ఆయన మాట పూర్తి కాకముందే.

సారు తలూపి రాసుకున్నారు. గడప దిగుతూ, “పోయొస్తా స్వప్నా” అన్నారు. ఆ రోజు నుంచి ఇంకెప్పుడూ ఆయన నోట పాత పేరు రాలేదు. అమ్మ పోయేదాకా తిప్పక్కా అనే పిలిచింది. వద్దంటే నాలుగు రోజులు మానేసి మళ్లీ మొదలుపెట్టేది. సారు మాత్రం పొరపాటున కూడా అనలేదు. నేను కోరుకున్న పేరుకు ఆయన ఇచ్చిన మర్యాద అది.

అమ్మ పోయి ఆరేళ్లయింది. ఆసుపత్రిలో అందరికీ నేను సిస్టర్‌ని. ఇంట్లో అమ్మను, అత్తింట్లో స్వప్నను. తిప్పక్కా అని పిలిచేవాళ్లు ఈ లోకంలో లేరని ఒకరోజు వంటింట్లో నిలబడి ఉండగా తట్టింది. అసహ్యించుకున్న పేరు మీద ఇంత బెంగ పెట్టుకుంటానని ఎవరనుకున్నారు? అసహ్యం పేరు మీద కాదేమో, ఆ నవ్వుల మీదేమో. అమ్మ చావుతో ఒప్పందం చేసుకుని తెచ్చిన పేరు అది. ఒక్కసారి వినాలనిపించేది. నవ్వు లేకుండా పిలవడం తెలిసిన మనిషి ఒక్కరే మిగిలి ఉన్నారు.

ఆ మనిషి నెలనెలా బీపీ మాత్రలకు మా ఆసుపత్రికే వచ్చేవారు. నేను వరుస తప్పించి లోపలికి తీసుకుపోబోతే వచ్చేవారు కాదు. “పేరు పిలుస్తారు గదమ్మా, పిలవనీ. నాకు ఇష్టం” అని బల్ల మీద కూర్చునేవారు. పక్కన కూర్చుని మందులు ఎలా వేసుకోవాలో చెప్పేదాన్ని. అవసరమైతే ఫోన్ చేయమని నా నంబరిచ్చి, ఆయన నంబరూ తీసుకున్నాను. “బాగుండావా స్వప్నా? పిల్లోళ్లు బాగుండారా?” అని అడిగేవారు. ప్రతిసారీ ఇవాళ అడుగుదామనుకునేదాన్ని. ఏమని అడగను? నలభై దాటిన ఆడది, యూనిఫారం వేసుకుని, సార్ నన్ను పాత పేరుతో ఒక్కసారి పిలవండి అని అడిగితే, పేరు మార్చి పిల్లకు అన్యాయం చేశానేమోనని ఆ పిచ్చి మనిషి దిగులు పెట్టుకుంటారేమో. వచ్చే నెల చూద్దాంలే అనుకునేదాన్ని. పోయిన నెల కూడా అదే అనుకున్నాను.

మేం వెళ్లేసరికి సారును వరండాలో పడుకోబెట్టారు. పెదవి ఏ పక్కకూ కదలకుండా, తిన్నగా ఉంది. కలెక్టర్ కాళ్ల దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను ఏడవలేదు. పాదాలు ముట్టుకుని పక్కకు వచ్చి నిలబడ్డాను. సారు కొడుకు తండ్రి ఫోను పట్టుకుని ఒక్కొక్కరికీ కబురు చెబుతున్నాడు. నన్ను చూసి దగ్గరికొచ్చాడు.

“స్వప్నక్కా, నాయన నీ గురించి శానా చెప్పేటోడు. నీకు చెబుదామని పొద్దుట్నుంచి వెతుకుతాండా, నీ నంబరు ఇందులో లేదు. దినం ఎప్పుడనేది చెప్పల్ల గదా, ఒక మిస్డ్ కాల్ ఇయ్యి.”

నేను సారు నంబరుకు ఫోన్ చేశాను. అతని చేతిలో ఫోను మోగింది. అతను తెర వైపు చూసి, నా వైపు చూసి, మళ్లీ తెర వైపు చూశాడు.

“ఇది నువ్వా అక్కా? చుట్టాల్లో ఈ పేరుగల్లోళ్లు ఎవ్వురూ లేరే, ఎవరో ముసలామె అనుకోని వదిలేసినా” అంటూ ఫోను నా వైపు తిప్పాడు.

సారు తెలుగులోనే, ఒక్కో అక్షరం కొట్టి దాచుకున్నారు. తిప్పక్క.

కట్ చేయబోతుంటే అతని చెయ్యి పట్టుకుని ఆపాను. అంతమంది జనంలో, ఆ పేరు వెలుగుతూ, ఫోను మోగుతూనే ఉంది. దానంతట అది ఆగేదాకా అలాగే నిలబడి చూశాను.